ఎరువు వద్దన్న చెలక

మా మీది అంతస్తులో కిరాయికి ఉంటున్న శ్రావణి మొన్న ఆదివారం పొద్దున ఎరువు సంచి విప్పితే, ఆ వాసన మెట్లు దిగి నేను పేపరు చదువుకుంటున్న వరండా దాకా వచ్చింది. మాగిన ఆకు, తడి మట్టి, అన్నిటికీ అడుగున కాస్త పేడ. సంచి మీద వాసన లేనిదని అచ్చేసి ఉన్నదట. అచ్చేసినవాడు గొర్ల మంద వెనక ఒక్క వానకాలమైనా నడిచి ఉండడు. ఆ వాసన తగిలిందంటే నేను ఇబ్రహీంపట్నంలో ఈ డాబా ఇంట్లో డెబ్భై దాటిన మనిషిగా ఉండను. గుట్ట కింద, మా మేనత్త పక్కన, మోకాళ్ల దాకా తడిసి నిలబడి ఉంటాను.

ఏం చేస్తున్నదో చూద్దామని పైకి పోయాను. ఆ పిల్లది మహబూబ్‌నగర్ వైపు ఊరు, ఉద్యోగం ఆదిభట్లలో. వారమంతా కంపెనీ బస్సు, ఆదివారం మొక్కలు. పిట్టగోడ నీడన చిన్న కుండీ ఒకటి పెట్టుకొని, దాని మొదట్లో వేయడానికి గుప్పెడు ఎరువు తీసింది. కుండీలో ఉన్నదాన్ని చూసి నా కాళ్లు ఆగిపోయాయి. ఎర్రటి ఆకులు, ఆకు నిండా వెంట్రుకలు, ప్రతి వెంట్రుక కొసనా ఒక జిగురు చుక్క. పురుగుల్ని పట్టి తినే మొక్క అని కొరియర్‌లో తెప్పించుకున్నదట. ఆకు కొంచెం పొడుగే గాని, మేము చిన్నప్పుడు బురదబూచి అని పిలిచిన మొక్కకు అది సొంత చుట్టం.

“ఎర్రగైంది తాతా, బలం లేనట్టుంది. జర ఎరువేస్త,” అన్నది.

“ముందు చెయ్యి తియ్యి,” అన్నాను.

ఆ కుండీలోని మంచి మట్టినంతా పారబోయించాను. గరుసు ఇసుకను కడిగించాను. కొబ్బరిపొట్టును బకెట్లో నానబెట్టి, పిండి పారబోసి, మళ్లీ నానబెట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా దాని ఉప్పు వదిలించి, ఆ రెండూ కలిపి అందులో నాటించాను. మా బోరు నీళ్లు ఏ గిన్నెలో ఆరినా సున్నం పూసినట్టు తెల్లటి పొర వదులుతాయి, ఆ పొర దాని వేరుకు విషం, అందుకని వాన నీళ్లు తప్ప చుక్క పోయొద్దన్నాను. కుండీ కింద పళ్లెం పెట్టి, పళ్లెంలో వేలు మందం నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉండాలన్నాను. నీడలోంచి తీసి నడి ఎండలో పెట్టించాను. పురుగును అది పట్టుకోగలదు, మనం మెతుకులూ మాంసం తునకలూ పెడితే బూజు పడుతుందన్నాను. పైరు ఎర్రబడితే ఆకలని అర్థం గాని, దీనికి ఎరుపే నిండుదనం.

“మొక్కను పెంచమంటున్నవా తాతా, ఒక్కపొద్దు ఉంచమంటున్నవా?” అని నవ్వింది.

“దాని బతుకే ఒక్కపొద్దు,” అన్నాను. నవ్వినా, చెప్పినట్టే చేసింది. కానీ ఇవన్నీ నాకెట్లా తెలుసో ఆ పిల్లకు చెప్పలేదు. చెప్పాలంటే మా మేనత్త సాయమ్మతో మొదలుపెట్టాలి.

ఇబ్రహీంపట్నం నుంచి కొంగరకలాన్ వైపు పోయే తోవలో మాదొక పల్లె. ఊరి వెనక గుట్ట. ఆషాఢంలో వానలు పట్టినప్పటి నుంచి పుష్యమాసపు చలి విరిగేదాకా ఆ గుట్ట పాదాన రాతి సందుల్లోంచి నీరు సన్నగా, చప్పుడు లేకుండా ఊరుతూనే ఉండేది. అట్లా ఊరే నేలను మా వైపు జాలు అంటారు. ఆ జాలులో ఒక చిన్న చెలక మాది. నాగలి పెడితే ఎడ్ల కాళ్లు దిగబడతాయి, జొన్న చల్లితే వేరు కుళ్లుతుంది, వరి వేద్దామంటే మన్ను లేదు, పరుపురాయి మీద బెత్తెడు గరుసు మాత్రమే ఉంటుంది. ఇంట్లో ఎవరికీ అక్కరలేని ఆ ముక్కను మా తాత పెండ్లినాడు కూతురికి పసుపుకుంకుమల కింద ఇచ్చాడు. ఇచ్చినట్టూ ఉంటుంది, పోయినట్టూ ఉండదు!

ఆ కూతురే మా మేనత్త. మా బాపుకు అక్క. అత్తగారింటికి పోయిన కొన్నేండ్లకు ఒకనాడు నెత్తి మీద సందూకపెట్టె పెట్టుకొని నడుచుకుంటూ వాపసు వచ్చింది. ఎందుకొచ్చినవని ఊరంతా అడిగింది. “రావాలనిపించింది, వచ్చిన,” అన్నది. మా ఇంటి పక్కనే వేరే గుడిసె వేసుకొని, నాట్లకూ కలుపులకూ పోతూ, కోళ్లు పెంచుకుంటూ బతికింది. తమ్ముడి ఇంట్లో పండుగకు తప్ప అన్నం తినలేదు.

మా బాపు వేరే రకం. ఆయనకు భూమి అంటే ఎరువు. తన చెలకకు ఏనాడూ వట్టి చేతులతో పోలేదు, గంపెడు పెంట నెత్తిన పెట్టుకొనే పోయేవాడు. పెండ్లికి పోయి వస్తున్నా సరే, తోవలో పేడ కనబడితే భుజం మీది తువ్వాల తీసి మూటగట్టుకునే మనిషి. ఎరువు ఎరుగని భూమి తల్లి ఎరుగని పిల్ల అనేవాడు. అటువంటి మనిషికి అక్క చెలక కంట్లో నలుసు కాకుండా ఎట్లా ఉంటుంది?

కానీ పెత్రామాస, అదే మహాలయ అమావాస్య, దాటిన తర్వాత ఆ చెలకను చూడాలి. ఒడ్ల మీద తంగేడు పచ్చగా పూసేది, జొన్న చేలల్లో గునుగు తెల్లటి కుచ్చులు లేపేది, బతుకమ్మకు పూలు తెచ్చే ఆడపిల్లలు ఒడినిండా సత్తుపిండి ముద్దలు పెట్టుకొని పొద్దున్నే గుట్ట దిక్కు బయలుదేరేవారు, వాళ్ల వెంట చిర్రగోనె ఆట చాలించుకొని మేమూ ఉరికేవాళ్లం. వాన కడిగిన ఆకాశం మీంచి ఎండ ఏటవాలుగా పడితే, మా అత్త చెలక నిండా ఎవరో ఎర్రటి అణా బిళ్లలు గుమ్మరించినట్టు బురదబూచి మొక్కలు నేలకు అతుక్కొని మెరిసేవి. మంచు కాదది. మిట్టమధ్యాహ్నం దాకా ఆరని జిగురు. మేము గట్టు మీద బోర్లా పడుకొని, చీమను పుల్ల కొసకు ఎక్కించి ఆకు మీద దించి, ‘బూచికి బువ్వ’ అని అరిచి, ఎవరి ఆకు ముందు ముడుచుకుంటుందా అని ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం. ఓడినవాడు గెలిచినవాణ్ణి ఊరి దాకా వీపు మీద మోయాలి. ఎవడైనా గట్టు దిగి తడిలో కాలు పెట్టాడో, అత్త కట్టె లేచేది.

ఒకసారి నేను ఎవరికీ చెప్పకుండా ఒక మొక్కను పెకిలించుకొచ్చి పగిలిన ముంతలో పెట్టాను. దొడ్డిలోంచి నల్లగా మాగిన మట్టి తెచ్చాను. బావి నీళ్లు పోశాను. ఎండ తగలకుండా చిక్కుడు పందిరి కింద దాచాను. పసిపిల్లకు చేసినంత సేవ చేశాను. అది మొదట పచ్చబడింది, తర్వాత ఆకు మీది చుక్కలు ఎండిపోయాయి, తర్వాత కుళ్లింది. ముంత పట్టుకొని ఏడుస్తూ అత్త దగ్గరికి పోయాను.

“అన్నం పెట్టి సంపినవ్ గద అల్లుడా,” అన్నది.

“ఆకలైతదని పెట్టిన అత్తా.”

“ఆకలి నీకైతది. నువ్వు పెట్టింది దానికి రోగం.”

అని నన్ను చెలకకు తీసుకుపోయి ఒక మూల చూపించింది. ఆ మూలన ఒక్క బూచి లేదు, తుంగా గరికా నడుము ఎత్తున లేచి ఉన్నాయి. తను వాపసు వచ్చిన మొదటి ఏడు, ఈ ఎర్రటి మొక్కలు పాపం బక్కగా ఉన్నాయని, కోళ్ల పెంట ఒక గంపెడు తెచ్చి అక్కడ చల్లిందట. “నేను గూడ గిట్లనే సేసిన. బలం పడంగనే గడ్డి వచ్చి దీని నెత్తి మీద కూసున్నది. ఏ గడ్డీ బతుకలేని తావుల ఇది బతుకుతది. దానికి గదే ఆస్తి. ఆ ఆస్తి మనం పాడు చెయ్యొద్దు,” అన్నది.

ఆ మూల మళ్లీ ఎర్రబడలేదు. నాకు తెలిసినంత వరకు ఏనాడూ ఎర్రబడలేదు.

ఊరివాళ్లకు అదొక వేడుక. నాట్ల కాడ ఎవరో ఒకరు, “సాయమ్మా, నీ పంట కోతకొచ్చిందా?” అనేవారు. “వచ్చింది, కొడవలి పట్టుకొని రా,” అనేది ఆమె, వంచిన నడుము ఎత్తకుండానే. ఎవరేమన్నా ఆమెకు పట్టలేదు గాని, మా బాపుకు పట్టింది. అక్క పేరు చెప్పి నవ్వితే తమ్ముడి ముఖం మీద నవ్వినట్టే గదా.

మంద పెట్టించడమంటే ఈ కాలపు వాళ్లకు చెప్పాలి. ఖాళీగా ఉన్న చెలకలో గొర్ల మందను ఒక రాత్రి పండబెడితే, తెల్లారేసరికి పెంటా మూత్రమూ పడి ఆ నేల మరుసటి పంటకు తిరుగులేని బలం పుంజుకుంటుంది. మా ఊళ్లో కురుమ బీరయ్య మంద పెద్దది. ఆ మంద కోసం రైతులు వంతులు పెట్టుకునేవారు, వంతు కోసం కొట్లాడుకునేవారు. ఒక ఏడు దసరా ముందర బాపు వంతు వచ్చింది. దసరాకు ఇంటి ఆడబిడ్డకు చీర పెట్టాలి, అది మా వైపు మర్యాద. ఆ పొద్దు బాపు వట్టి చేతులతో అత్త గుడిసె ముందుకు పోయి, ముఖమంతా వెలిగిపోతుండగా చెప్పాడు.

“అక్కా, ఈ ఏడు చీర తేలే. చీర ఏడాదికి చినుగుతది. మాపటికి నీ చెలకల బీరయ్య మంద పెట్టిస్తున్న.”

తువ్వాలలో పేడ మూటగట్టుకునే మనిషి తన వంతు మంద వదులుకోవడమంటే ఏమిటో నాకిప్పుడు తెలుసు. అంతకన్నా పెద్ద కానుక ఆయన దగ్గర లేదు. మా బాపును చెడ్డవాడని నేననను, అననివ్వను. కానీ ఆ ఒక్క రాత్రి చాలు. మందంతా తొక్కి పెంట వేసి పోతే, వచ్చే వానకాలానికి చెలకంతా ఆ మూలలాగే గడ్డి కింద పడిపోతుంది. గుట్ట కింద మిగతా జాలంతా అప్పటికే ఎవరో ఒకరు చెరువు మన్ను తోలి సాగుకు తెచ్చుకున్నారు. బురదబూచికి మిగిలిన తావు ఇదొక్కటే. అత్త చేతిలో ఉన్న చేట కింద పెట్టి, కట్టె తీసుకొని గుట్ట దిక్కు నడిచింది. నేను వెనకాలే ఉరికాను.

పొద్దు వంగుతున్నది. బాటంతా దుమ్ము లేపుకుంటూ మంద దిగింది. ముందు కుక్కలు, తర్వాత మెడ గంటల పొట్టేళ్లు, చివర గొంగడి కప్పుకున్న బీరయ్య, ఆయన పక్కన బాపు. గునుగు పూల మూటలతో ఇండ్లకు మళ్లిన ఆడవాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. అత్త గట్టు మీద కట్టె అడ్డం పెట్టి నిలబడింది.

“మంద మలుపు బీరన్నా.”

“నాకేం ఎరుక అక్కా, నీ తమ్ముడు రమ్మంటె వచ్చిన.”

“జర జరుగు అక్కా, గొర్లు బెదురుతయ్,” అన్నాడు బాపు.

“బెదురనీ. ఈడ ఒక్క గిట్ట దిగనియ్య.”

“నీ మంచికే గద! ఒక్క మంద పండితె వచ్చే ఏడు కందులన్న ఏసుకుంటవ్. సాయమ్మ బూచీల సాగు చేస్తున్నదని ఊరంత నవ్వుతున్నరు.”

“నవ్వితె నా చెలక తరుగుతదా తమ్మీ?”

“నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తున్నవ్.”

గొర్లు ఒకదాని మీద ఒకటి తోసుకుంటున్నాయి. బీరయ్యకు చిరాకేసింది. “అక్కాతమ్ముడు పండుగ దాక కొట్లాడుండ్రి. నా గొర్లు నిలబడయి. ఏదో ఒకటి తెగ్గొట్టుండ్రి,” అన్నాడు.

అత్త గొంతు తగ్గించింది.

“తమ్మీ, ఇది నాకు పెట్టిన చీరేనా?”

“చీరకంటె ఎక్కువ.”

“నాదే గద?”

“నీదే. ఇంకెవలది?”

“నా చీర నేను కట్టుకుంట, లేకుంటె ఇంకొకలకు ఇచ్చుకుంట. అడ్డమెవలు?”

అత్త బీరయ్య వైపు తిరిగింది. “బీరన్నా, ఈ మంద నాది. తోలుకపోయి నా తమ్ముని చెలకల పండబెట్టు. పండుగకు నేను పెడుతున్న.”

బీరయ్య పకపకా నవ్వి కర్ర ఎత్తాడు. పొట్టేళ్లు మళ్లాయి. మంద మళ్లింది. దుమ్ములో బాపు ఒక్కడే నిలబడ్డాడు. పండుగకు ఆడబిడ్డ తీసుకోవాలి, తమ్ముడు పెట్టాలి. ఆ పొద్దు ఊరి ఆడవాళ్లందరి ముందరా లెక్క తిరగబడింది. ఆయన ఇంటికొచ్చి అన్నం తినకుండానే పడుకున్నాడు. చాలా రోజులు అక్కతో మాట్లాడలేదు.

మరుసటి ఏడు మా చెలకలో జొన్న మనిషిని మించి లేచింది. కంకి పాలు పోసుకొని గింజ గట్టిపడే వేళకు బాపు నాలుగు కంకులు విరిచి, నిప్పుల మీద కాల్చి, నలిపి, ఆ వేడి ఊచబియ్యాన్ని అదే తువ్వాలలో మూటగట్టుకొని అత్త గుడిసె ముందు పెట్టాడు.

“పెంట మంచిగ పడ్డది,” అన్నాడు, ఎటో చూస్తూ.

“మంద ఎవలదనుకున్నవ్?” అన్నది అత్త.

ఇద్దరూ అక్కడే కూర్చొని తిన్నారు. ఆ తర్వాత అత్త చెలకకు ఎరువు పెడతానని మా ఇంట్లో ఎవరూ అనలేదు. దసరాకు చీర తప్పలేదు.

నా చదువు నాలుగో తరగతితో ఆగింది. తర్వాత చదివిందంతా పొట్లాల కాగితాల మీద, గ్రంథాలయం బల్ల మీద. పెద్దయ్యాక అక్కడే ఒక వృక్షశాస్త్రం పుస్తకంలో మా బురదబూచి బొమ్మ చూశాను. సారం లేని తడి నేలలో పెరుగుతుంది గనుక కావలసిన పోషణను పురుగుల నుంచి తీసుకుంటుందని రాశారు. బాగానే రాశారు. కానీ పైన పెట్టిన పేరు చూడండి, హంతక మొక్కలట! పాలిచ్చే బర్రెను తన్ని పితికేవాడికి లేని పేరు, తన ఆకు మీద వాలిన దోమతో పూట గడుపుకునేదానికి ఎందుకు? నేల ఇవ్వలేదు, అది అడుక్కోలేదు, తన దారి తాను చూసుకున్నది. అదేం నేరమో ఆ పుస్తకం రాసిన పెద్దమనిషి చెప్పలేదు. భూమి కాగితాల్లో రాసే ఇంకో మాట మీద కూడా నాకు కోపం. పనికిరాని భూమి! ఎవరి పనికి? ఎవరినడిగి రాశారు?

అత్త పోయే ముందు ఆ చెలకను నా పేర పెట్టించింది. “ఏం సెయ్యకు దాన్ని. గంతే,” అన్నది. ఇంత చిన్న మాట నిలబెట్టడానికి నా బతుకంతా పట్టింది. బోరు వేయిస్తామని ఒకరు వచ్చారు. నీలగిరి నాటుకోమని ఒకరు, చేపల గుంట తవ్వుకోమని ఒకరు, ప్లాట్లు చేద్దామని అందరూ. పిచ్చోడన్నారు. అంటే అన్నారు. నేలకు ఏదో ఒకటి చేయకపోతే మనవాళ్లకు చేతులు ఊరుకోవు. ఏమీ చేయకుండా కాపాడటం సేద్యమేనని ఒక్కడికీ నచ్చజెప్పలేకపోయాను.

ఇప్పుడు ఆ గుట్ట సగం లేదు, కొట్టుకుపోయారు. ఊట పలచబడింది. మూడు దిక్కులా లేఅవుట్లు, పాతిన రాళ్లు, రంగు జెండాలు. నెత్తి మీద నాదర్‌గుల్ నుంచి లేచిన చిన్న విమానం, పిల్లలకు నడపడం నేర్పుతూ, చుట్లు తిరుగుతుంటుంది. అయినా కిందటేడు కూడా నా చెలకలో దుప్పటంత మేర ఎరుపు పరుచుకున్నది. ఈ ఏడు వానలు మొదలైన వారానికి పోయి చూద్దును గదా, చెలక మీద లారీల కొద్దీ ఎర్రమట్టి పోసి, చక్కగా చదును చేసి ఉన్నది. పక్క లేఅవుట్ సూపర్‌వైజర్ ఎదురొచ్చాడు. వాడి ముఖం వెలిగిపోతున్నది.

“గుంతగుంత ఉండె తాతా. పెద్దమనిషివని నీది గూడ ఫ్రీగనే సాపు చేసినం.”

“నేనడిగిన్నా?”

“అడగకుంటనే చేసినం. థాంక్స్ అన్న చెప్పు!”

మట్టి ఎత్తించమన్నాను. మనుషులు లేరన్నాడు. వచ్చే నెల చూద్దామన్నాడు. వచ్చే నెలకు ఆ బలమైన మట్టిలో గడ్డి లేస్తుంది. అందుకని ఎవరినీ అడగలేదు. పార, గంప నావే. పొద్దున్నే ఆటోలో దిగి, ఎండ ముదిరేదాకా మట్టి ఎత్తి గట్టవతల పోస్తున్నాను. నడుము పడిపోతుందని ఇంట్లో గొడవ. పడనీ.

గొర్ల మందలు ఆ బాటలో నడవడం మానేసి ఎన్నేండ్లయిందో. పండబెట్టడానికి చెలకలు లేవు, మేపడానికి గుట్ట లేదు. బతుకమ్మకు గునుగు పూలను రంగులద్ది బజారులో అమ్ముతున్నారు. బోర్లా పడుకొని చీమ నడకను చూసే పిల్లలు లేరు. బురదబూచి అన్న పేరు పలికితే అర్థమయ్యేవాళ్లు ఈ పక్క ఊళ్లన్నిటిలో ఎందరున్నారో వేళ్ల మీద లెక్కపెట్టాలన్నా నాకు వేళ్లు మిగులుతాయి.

ఇప్పటికి ఒక చాపంత మేర పాత గరుసు బయటపడింది. తెల్లగా, శుభ్రంగా, కింది నుంచి నీరు ఊరుతూ. బూచి విత్తనం దుమ్ముకన్నా సన్నన, వెలుగు తగిలితే తప్ప మొలవదు. ఇన్నాళ్లు మట్టి కింద ఉన్నది బతికున్నదో లేదో నాకు తెలియదు. ఇంకా ఒక్క ఎర్ర చుక్క కనబడలేదు. సూపర్‌వైజర్ రోజూ బండి ఆపి అడుగుతాడు.

“మొలుస్తదా తాతా?”

మొలుస్తుందని ఎత్తడం లేదు. ఆ మట్టి అక్కడ ఉండటానికి నేను ఒప్పుకోలేదు, అందుకని ఎత్తుతున్నాను. రేపు తూర్పు పక్కది మొదలుపెట్టాలి.